గుమ్మడికాయ కూర గురించి, రాయడం గురించి

తిరుపతి

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన గుమ్మడికాయ తీపి కూర వ్యాసం చదివాను. మొదటి రెండు పేరాల్లో మీ అవ్వ వంటిల్లు బాగా వచ్చింది. కానీ పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి ఆ సమయంలో కావాల్సింది అవ్వ కాదు, పాకం ఎప్పుడు దించాలో. అక్కడికొచ్చేసరికి ‘చిక్కబడ్డాక దించాలి’ అని సరిపెట్టేశావు.

‘మీడియం మంట మీద పది నిమిషాలు’ అన్నావు. ఎవరి మంట మీద? వెడల్పు బాణలిలో నీళ్లు తొందరగా ఇగిరిపోతాయి. లోతు గిన్నెలో ముక్క చిదిమిపోయినా ఇగరవు. కాబట్టి నిమిషాల కంటే ముందు గిన్నె గురించి రాయి. అరకిలో ముక్కలు, తొక్కతోనే తరిగినవి, ఒకే వరసలో పరుచుకోవాలి. నీళ్లు ముక్కల్లో సగం ఎత్తుకు. అర చెంచా ఉప్పు. ‘తగినంత’ అని మాత్రం రాయకు, కొత్తగా వండేవాళ్లకు ఆ మాటతోనే టెన్షన్ మొదలవుతుంది.

బెల్లం ఎప్పుడు వేయాలో రాశావు గానీ ఎందుకో రాయలేదు. బెల్లం పడ్డాక ముక్క సరిగా మెత్తబడదు. అందుకే ముందు ఉడకాలి, చాకు దిగాలి, లోపల కాస్త బిగువు మిగలాలి. అప్పుడు మూత తీసి 75 గ్రాముల బెల్లం, రెండు చెంచాల నెయ్యి. చిత్తూరు వైపు బెల్లమైతే మరీ తెల్లగా మెరిసేది వద్దని ఒక మాట రాయి. రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటుంది. బెల్లాన్ని కొద్ది నీళ్లలో కరిగించి వడగడితే నలుసులు పోతాయి.

ఇక అసలు చోటు. ఇక్కడ పేజీ ఖర్చయినా పరవాలేదు. మొదట బుడగలు చిన్నవి, నీళ్లలా గలగలమంటాయి. తర్వాత పెద్దవై, నిదానించి, కుతకుతమంటాయి. గరిటెతో అడుగున గీస్తే దారి పడి, ఒక్క క్షణం ఆగి మూసుకుంటుంది. అప్పుడే దించాలి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది కాబట్టి, బాణలిలో కొంచెం పలచగా ఉందనిపించినప్పుడే సరైన సమయం. అది దాటితే ముక్కల చుట్టూ చిక్కీ తయారవుతుంది. దాటిపోయినా రెండు చెంచాల వేడినీళ్లు పోసి కదిపితే పాకం మళ్లీ వదులవుతుందని కూడా చెప్పు. వంటల వ్యాసాల్లో ఈ రిపేరు సంగతి ఎవరూ రాయరు, నాకదే కోపం.

వాల్‌నట్లు ఎందుకు పెట్టావో అర్థం కాలేదు. ఖరీదుగా కనబడాలనా? మన జిల్లాలో మెట్ట పొలమంటే చెనిక్కాయే కదా. గుప్పెడు గింజలు సన్నసెగన వేయించి, పొట్టు నలిపి, బద్దలు చేసి, దించాక చివర్లో కలపమను. ముందే వేస్తే మెత్తబడి కరకర పోతుంది. జీడిపప్పు వేసినా తప్పు లేదు, నేతిలో విడిగా వేయించి వేయాలి.

‘నోరూరించే’, ‘అమృతంలాంటి’ అన్నవి కొట్టేశాను. ఒక ఎండుమిరపకాయ తుంచి వేస్తే తీపి వెగటు కొట్టదని, ఈ కూర పప్పన్నంలో, చారన్నంలో నంజుకోవడానికి బాగుంటుందని నువ్వెక్కడా చెప్పలేదు. కొట్టేసిన ఖాళీలో ఈ రెండు సంగతులూ పెట్టు.

మళ్లీ వండి, పక్కన కాగితం పెట్టుకుని రాసి పంపు. అవ్వ పేరా ఒకటి ఉంచుకో.

ఇట్లు,
మీ పెద్దాయన