బరువు తగ్గితే ఎముకలు ఇంకా గుల్లబారతాయా?

మీ అమ్మగారికి 63 ఏళ్ళు, 78 కిలోలు, ఎముకల గట్టిదనం చెప్పే టీ-స్కోర్ నడుము దగ్గర మైనస్ 2.8, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు, ఆస్టియోపోరోసిస్. మోకాళ్ళ డాక్టరేమో బరువు తగ్గమన్నారు, పక్కింటావిడేమో తగ్గితే ఎముకలు ఇంకా గుల్లబారతాయంది. ఎవరి మాట వినాలి అని కదా మీ ప్రశ్న? ఇద్దరూ నిజమే చెప్పారు. అసలు చూడాల్సింది ఎన్ని కిలోలు తగ్గారన్నది కాదు, ఏం తింటూ, ఏం చేస్తూ తగ్గారన్నది.

బెంగళూరులో నేనూ మా తోటికోడలూ ఒకే బిల్డింగ్‌లో ఉంటాం. ఇద్దరికీ ఇదే జబ్బు, టీ-స్కోర్లు కూడా ఇంచుమించు ఒకటే. నేను మనిషిని భారీ, అక్క 43 కిలోలు. రోజు గడిచే తీరు మాత్రం ఎక్కడా కలవదు. అక్క మెట్లు గబగబా ఎక్కేస్తుంది, కానీ స్టవ్ దగ్గర పది నిమిషాలు నిలబడితే నడుం పట్టేస్తుంది. వెన్నుపూస ఒకటి ఆమెకి తెలియకుండానే నొక్కుకుపోయింది. ఎత్తు తగ్గి, పోపుల డబ్బా కింది అరలోకి దించుకుంది. పడతానన్న భయంతో బయటికి రాదు, బయటికి రాక ఆకలి లేదు, తినక ఇంకా చిక్కిపోతోంది. ఆమెకి డాక్టర్ చెప్పింది బరువు పెరగమనే. అందుకే ఒకరికి చెప్పిన సలహా ఇంకొకరికి అప్పచెప్పకూడదు.

నా సంగతి వేరు. మోకాళ్ళ నొప్పి, నేల మీద కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. ఒళ్ళున్నవాళ్ళకి ఎముకలు విరగవని ఎవరైనా అంటే నమ్మకండి. ఫుట్‌పాత్ బండ కదిలి నా చీలమండ విరిగింది. పది దేశాల్లో 55 దాటిన ఆడవాళ్ళ మీద గ్లో అనే పెద్ద అధ్యయనం జరిగింది. 2011లో వచ్చిన దాని ఫలితాల్లోనూ ఇదే ఉంది: ఊబకాయం ఉన్నవాళ్ళలో మణికట్టు విరగడం తక్కువ, చీలమండ విరగడం ఎక్కువ.

ఇక పక్కింటావిడ మాట. బరువు తగ్గితే ఎముక మీద పడే భారం తగ్గుతుంది, ఎముక కూడా కాస్త పలచబడుతుంది. పైగా ఎముకని కాపాడే హార్మోన్ ఈస్ట్రోజెన్, నెలసరి ఆగాక ఒంట్లో కాస్తో కూస్తో తయారయ్యేది ఎక్కువగా కొవ్వులోనే. దీనికి విరుగుడు కండ. 65 దాటిన ఊబకాయుల మీద అమెరికాలో చేసిన ప్రయోగం ఒకటి 2017లో వచ్చింది. వ్యాయామం చేసినవాళ్ళందరూ ఆరు నెలలు తిండి కూడా తగ్గించారు. నడకలాంటివి మాత్రమే చేసినవాళ్ళకి తుంటి ఎముక సాంద్రత 3 శాతం తగ్గింది, బరువులు ఎత్తినవాళ్ళకి అర శాతమే. వాళ్ళు ఆస్టియోపోరోసిస్ పేషెంట్లు కారు, అయినా మనకి దారి తెలుస్తుంది. పార్కులో ఎన్ని రౌండ్లు కొట్టినా సరిపోదన్నమాట.

మా ఫిజియోథెరపిస్టు నాతో మొదలుపెట్టించింది చేతుల్లేని డైనింగ్ కుర్చీతో. కుర్చీని గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా లేవాలి, మెల్లగా కూర్చోవాలి. వినడానికి నవ్వొస్తుంది. మొదటివారం తొడలు వణికిపోయాయి! తర్వాత రబ్బరు బ్యాండు, చిన్న డంబెల్స్. బరువు ఏడాది పైన పట్టి నెమ్మదిగా తగ్గింది. ఇప్పుడు ఆటోలోంచి కడ్డీ పట్టుకోకుండా దిగుతున్నాను, ఎవరినీ పిలవకుండా బాత్రూం స్టూలు మీంచి లేస్తున్నాను. నాకు తూకం కంటే ఇదే గొప్ప.

రాత్రి తిండి మానేసి రాగి జావ తాగే డైట్లు వద్దు. రాగిలో కాల్షియం బాగానే ఉంటుంది, వంద గ్రాముల పిండిలో సుమారు 350 మిల్లీగ్రాములు. కానీ ప్రోటీన్ దానితో చాలదు. ముద్దతో పాటు పప్పు, పెరుగు, గుడ్డు ఉండాలి. లావుగా ఉన్నవాళ్ళలో విటమిన్ డి తరచుగా తక్కువే ఉంటుంది, ఒకసారి పరీక్ష చేయించండి.

అపార్ట్‌మెంట్ యోగా క్లాసులో చేరితే ముందుకు వంగి కాలివేళ్ళు పట్టుకునే ఆసనాలు చేయించవద్దని టీచర్‌కి ముందే చెప్పండి. గుల్లబారిన వెన్నుపూస అలా వంగినప్పుడు నొక్కుకుపోవచ్చు.

మీ అమ్మగారికి వెన్ను ఎక్స్‌రే తీయించారా? వయసులో ఉన్నప్పటికంటే ఎత్తేమైనా తగ్గారా? అవి తెలిస్తే రాయండి. అవి తేలకుండా మాత్రం డంబెల్స్ ముట్టుకోనివ్వకండి.