ప్రూఫ్ సెట్ ప్యాకింగ్ విప్పకుండా ఉంచితేనే విలువ నిలుస్తుందా?

టంకశాల ప్యాకింగ్ విప్పితే ప్రూఫ్ సెట్లకీ (సేకరించేవాళ్ళ కోసం ప్రత్యేకంగా ముద్రించిన నాణేలు), అన్‌సర్క్యులేటెడ్ సెట్లకీ (చలామణిలోకి రాని నాణేలు) విలువ పోతుందంటున్నారు, నిజమేనా అని అడిగారు. సగమే నిజం. ప్యాకింగ్ మంచిదైతే జోలికి పోకండి. అదే నాణేన్ని తినేస్తుంటే మాత్రం విప్పి తీరాలి. నా లెక్కలో చేతివేళ్ళ కంటే మెత్తటి ప్లాస్టిక్కే ఎక్కువ సెట్లను పాడుచేసింది.

గట్టి పారదర్శక డబ్బా సాధారణంగా పాలిస్టైరీన్. దానితో భయం లేదు. మైలార్ (పాలియెస్టర్ పొర), పాలిథీన్, పాలిప్రొపిలీన్ కూడా ఫర్వాలేదు. అనుమానించాల్సింది మడిస్తే మెత్తగా వంగే, కొత్త రెయిన్‌కోటు వాసన కొట్టే కవర్లని. అది పీవీసీ, అంటే పాలివినైల్ క్లోరైడ్. అది మెత్తగా ఉండడానికి కలిపే ప్లాస్టిసైజర్ ఏళ్ళు గడిచేకొద్దీ బయటికి ఊరుతుంది. పీవీసీ రసాయనికంగా విడిపోతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం నాణెంలోని రాగిని పట్టుకుంటే పచ్చటి జిగురు తేలుతుంది. కుప్రోనికెల్ అనే రాగి-నికెల్ మిశ్రమంలో సాధారణంగా ముప్పాతిక వంతు రాగే కాబట్టి తెల్లగా కనిపించే నాణెం కూడా తప్పించుకోలేదు.

కవరు ఏ రకమో తేలకపోతే ఇలా పరీక్షించండి. ఖాళీ కవరు మూల నుంచి చిన్న ముక్క కత్తిరించండి. రాగి తీగ కొసను గ్యాస్ మంటలో ఎర్రగా కాల్చండి. మొదట మంటకు పచ్చరంగు వస్తే అది పూర్తిగా పోయేదాకా కాల్చాలి, లేకపోతే ఫలితం నమ్మలేం. వేడి తీగను ప్లాస్టిక్ ముక్కకు అంటించి, కరిగి అంటుకున్నదాన్ని మళ్ళీ మంటలో పెట్టండి. మంట పచ్చగా వెలిగితే అందులో క్లోరిన్ ఉన్నట్టే, అంటే దాదాపుగా పీవీసీయే. ఆ పొగ పీల్చకూడదు, కిటికీ తీసి చేయండి. నాణేలు ఆ గదిలోనే ఉండకూడదు.

జిగురు అప్పటికే పట్టి ఉంటే శుద్ధ అసిటోన్ అనే ద్రావకం వాడాలి. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో నూనెలు, సువాసనలు కలుపుతారు, అది పనికిరాదు. గాజు గిన్నెలు మూడు తీసుకోండి. కొన్ని రకాల ప్లాస్టిక్ గిన్నెలు అసిటోన్‌లో కరిగి నాణేనికే అంటుకుంటాయి. మొదటి గిన్నెలో కొన్ని నిమిషాలు నాననిచ్చి, నాణేన్ని అంచు పట్టుకుని రెండోదానిలోకి, తర్వాత మూడోదానిలోకి మార్చండి. ఒకే గిన్నెతో సరిపెడితే కరిగిన జిగురు నాణెం ఆరేటప్పుడు మళ్ళీ పైనే పేరుకుంటుంది. దూదితో రుద్దకండి, గుడ్డతో ఒత్తకండి, నిలబెట్టి గాలికి ఆరనివ్వండి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో మంట ఉండకూడదు. రాగి, కంచు నాణేలను ఎక్కువసేపు నానబెట్టవద్దు. చిలుము లోహంలోకి దిగి గుంట పడితే అసిటోన్ ఏమీ చేయలేదు. వెండి నాణేల మీద వచ్చే తెల్లటి పాలమచ్చలూ దీనికి పోవు. వాటి కోసం టూత్‌పేస్టు, సోడా ప్రయోగించారంటే ప్రూఫ్ చచ్చినట్టే.

ఎందుకంటే ప్రూఫ్ అనేది తయారీ పద్ధతి. మెరుగుపెట్టిన డైలతో (ముద్రించే అచ్చులతో), మెరుగుపెట్టిన బిళ్ళ మీద, సాధారణంగా ఒకటికి మించి దెబ్బలతో ముద్రిస్తారు. ఆ అద్దంలాంటి నేపథ్యాన్ని ఒక్కసారి తుడిచినా సన్నగీతలు పడి, ఇక పోవు. కొనేముందు ఒకే ఒక్క బల్బు కింద, అయిదు నుంచి పది రెట్ల భూతద్దంతో, నాణేన్ని వాల్చి తిప్పుతూ చూడండి. గీత నేపథ్యంలో మాత్రమే ఉండి, బొమ్మ అంచు దగ్గర ఆగిపోయి, ఉబ్బెత్తుగా ఉంటే అది డై మెరుగు గీత, లోపం కాదు. బొమ్మ మీదుగా కూడా దాటిపోయి లోపలికి గీసుకుంటే ఎవరో తుడిచారన్నమాట. మామూలు నాణేన్ని పాలిష్ చేసి ప్రూఫ్ అని అమ్మేవాళ్ళకీ ఇదే మందు. అసలు ప్రూఫ్‌లో అక్షరాల అంచులు నిటారుగా, పదునుగా నిలబడతాయి. పాలిష్ చేసినదానిలో మొద్దుబారి గుండ్రబడతాయి.

ఇక నాకు మండేది సీలు మీద మూఢనమ్మకం. సీలు ఉందని లోపల ఏముందో చూడకుండా బీరువాలో పడేస్తారు. 1990 అమెరికన్ ప్రూఫ్ సెట్లలో కొన్నింటిలో ఒక సెంటు నాణెం మీద శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల గుర్తయిన 'ఎస్' అక్షరం లేదు. 1968, 1970, 1983 డైమ్‌లలోనూ (పది సెంట్ల నాణేలు), 1971 నికెల్‌లోనూ (అయిదు సెంట్ల నాణెం) అలాంటివే వచ్చాయి. డబ్బా విప్పకుండానే కనిపించే తేడాలివి. చూసినవాడికే దొరికాయి. అన్‌సర్క్యులేటెడ్ సెట్లయితే ఇంకా జాగ్రత్తగా చూడాలి. అవి మామూలు నాణేల తరహాలోనే ముద్రించినవి. ఒకదానికొకటి తగిలి గాట్లు పడి ఉంటాయి కాబట్టి ఒకే ఏడాది సెట్లలో కూడా ఒకటి బాగుంటుంది, ఒకటి ఉండదు. మంచి నాణెం తీసేసి నాసిది పెట్టి, డబ్బా మళ్ళీ బిగించి అమ్మేవాళ్ళూ ఉన్నారు. డబ్బా అతుకు, స్క్రూల గీతలు, నాణెం గుంటలో వదులుగా ఆడుతోందా అన్నది చూసుకోండి.

దాచే చోట తేమ తక్కువగా, ఉష్ణోగ్రత నిలకడగా ఉండాలి. చల్లటి గదిలోంచి వేడిలోకి తెచ్చి వెంటనే మూత తీస్తే నాణెం మీద చెమ్మ పడుతుంది. డబ్బాలో తేమ పీల్చే, రంగు మారే రకం సిలికా జెల్ పొట్లం వేసి, రంగు మారగానే 120 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో రెండు గంటలు ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. రబ్బరు బ్యాండ్లు, నాసిరకం అట్టపెట్టెలు గంధకం వదిలి వెండిని నల్లబరుస్తాయి, పక్కన పెట్టకండి. తెరిచిన నాణెం మీద వంగి మాట్లాడకండి. తుంపర పడిన చోట నెలల తర్వాత నల్లచుక్క లేస్తుంది.

విప్పాల్సివస్తే టంకశాల డబ్బా, సర్టిఫికెట్ పారేయకుండా విడిగా దాచండి. నాణేలను గట్టి క్యాప్సూళ్ళలోకి (ఒక్కో నాణేనికి ఒక్కో గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీ) మార్చండి. క్యాప్సూల్ నాణెం వ్యాసానికి సరిగ్గా సరిపోవాలి. వదులుగా ఉంటే నాణెం అందులోనే కదిలి గీసుకుంటుంది.