గోడలో దొరికిన ముంత: నాణేలు ఎవరివి, విలువెంత?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ముత్తాతగారు కట్టించిన పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసుకుంటున్నాం. మట్టిగోడ తవ్వుతుంటే కూలీకి ఇత్తడి ముంత, అందులో ముప్పైకి పైగా వెండి రూపాయలు దొరికాయి. కొన్నిటి మీద రాణి, కొన్నిటి మీద రాజు. ఒక్కోటి లక్షలు పలుకుతుందని మా బావమరిది అంటున్నాడు. గుట్టుగా కరిగించేయమని ఇంకొకరి సలహా. అమ్మమ్మ పెట్టెలోనూ ఇలాంటివి కొన్ని ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: కరిగించే మాట వెంటనే మర్చిపోండి. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలోనే కాదు, నేలకు అంటి ఉన్న కట్టడంలో దాచినదీ నిధే. మీ గోడ అందులోకే వస్తుంది. విలువ పది రూపాయలు దాటితే చాలు (నవ్వొచ్చినా చట్టంలో ఉన్నది అంతే), ఏం దొరికింది, సుమారు విలువెంత, ఎక్కడ, ఏ రోజున అన్నది కలెక్టర్‌కు రాసివ్వాలి. సొత్తును దగ్గరి ప్రభుత్వ ట్రెజరీలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు తెచ్చి చూపుతామని పూచీ ఇవ్వాలి. చెప్పకుండా దాచినా, ఆనవాలు పోయేలా మార్చినా ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. రావలసిన వాటా కూడా పోతుంది.

ఇక ఎవరివి అన్న ప్రశ్న. దీనికి సగం జవాబు ఆ ముంతలోనే ఉంది. వందేళ్ల లోపు మీ పెద్దలే దాచారని కలెక్టర్‌కు అనిపిస్తే, హక్కు నిరూపించుకోవడానికి సివిల్ కోర్టుకు వెళ్లే గడువిస్తారు. కాబట్టి అన్నిటికన్నా కొత్త నాణెం వెతకండి. దాని కన్నా ముందు ఆ ముంత దాచి ఉండరు కదా. విక్టోరియా రాణి నాణేలు వందేళ్లు దాటినవే కాబట్టి ఇక్కడ పెద్దగా సాయపడవు. పైగా 1862 అని ఉన్నవి ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అదే సంవత్సరంతో ముద్రించారు. ‘ఎంప్రెస్’ అని ఉంటే 1877 నుంచి వచ్చినవి. ఐదో జార్జి రూపాయి 1918ది అయితే, దాచింది ఆ ఏడాదా, 1940లోనా అన్నది తేలదు. ఆరో జార్జి బొమ్మతో 1943 లాంటిది ఒక్కటి ఉన్నా మీ పంట పండినట్టే, దాచి వందేళ్లు కాలేదని ఖాయం. ముత్తాతగారి పేరున్న పాత దస్తావేజులు, ఇంటి పన్ను రశీదులు దానికి తోడు పెట్టండి.

ఆ సొత్తుకు హక్కుదారు లేడని తేలితే కథ మారుతుంది. కనుగొన్నవారికి, స్థలం యజమానికి ముందే ఒప్పందం లేకపోతే, నాలుగింట కనుగొన్నవారికి మూడొంతులు, స్థలం యజమానికి ఒక వంతు. పలుగు పట్టింది మీ కూలీ కాబట్టి ఆ మూడొంతులు తనవేనని అతను అడగొచ్చు. అతన్ని పక్కకు తప్పించి అర్జీ పెట్టకండి.

విలువ విషయానికొస్తే, 1939 దాకా వచ్చిన మామూలు రూపాయి తులం బరువు, అంటే 11.66 గ్రాములు. అందులో వెండి సుమారు 10.7 గ్రాములు. ఆ రోజు వెండి ధరతో గుణిస్తే కనీస విలువ తెలుస్తుంది. 1940 నుంచి వచ్చిన వెండి రూపాయల్లో వెండి సగమే. అంతకు మించి పలకాలంటే సంవత్సరం అరుదైనది అయి ఉండాలి, అక్షరాలు అరగకుండా ఉండాలి. చింతపండుతో తోమకండి, మెరుపు వస్తుంది గానీ కొనేవాళ్లు ధర తగ్గిస్తారు. రాముడి పట్టాభిషేకం బొమ్మ, 1818, ఈస్టిండియా కంపెనీ అని ఉన్నవి కంపెనీ వేసినవి కావు. ఇక, లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి అనేవాళ్లను నమ్మొద్దు. అలాంటి వ్యాపారంతో తమకు సంబంధం లేదని, ఏ కమీషనూ తీసుకోమని రిజర్వ్ బ్యాంక్ 2021లోనే ప్రకటించింది.

అమ్మమ్మ పెట్టెలోవి వేరే సంగతి. అవి దాచిన నిధి కాదు, మీ ఇంటి ఆస్తే, దేశంలో అమ్ముకోవచ్చు. వందేళ్లు దాటినవి విదేశాలకు పంపితే మాత్రం 1972 పురావస్తువుల చట్టం కింద నేరం. దుబాయ్‌లో ఉన్న బంధువులకు కానుకగా ఇచ్చి పంపించడం కూడా వద్దు. ముంతలోవాటితో వీటిని ఒక్కటి కూడా కలపకండి. రెండు వైపులా ఫొటోలు తీసి, లెక్క రాసి, కూలీ సంతకం తీసుకుని, అర్జీ నకలు మీద కలెక్టరేట్ ముద్ర వేయించుకోండి.