బ్రూపబ్‌కి వెళ్తున్నావా? బీరు సంగతి తర్వాత, ముందు బిల్లు సంగతి

తమ్ముడూ, నీ సందేహం చదివాను. శుక్రవారం సాయంత్రం టీమంతా కలిసి బ్రూపబ్‌కి (బీరు అక్కడే కాచి అమ్మే చోటు) వెళ్తున్నారు, క్రాఫ్ట్ బీరు (చిన్న తయారీదార్లు రకరకాల రుచుల్లో చేసేది) గురించి నీకు ఓనమాలు తెలియవు, నలుగురిలో నవ్వులపాలవుతానేమోనని దిగులు. నవ్వేంత తీరిక అక్కడ ఎవరికీ ఉండదులే. ఆ మాటకొస్తే ఈ అమెరికాలో కూడా ఇది తాతల నాటి విద్యేం కాదు. మద్యనిషేధం ఎత్తేశాక ఇక్కడ మొదటి బ్రూపబ్ 1982లో, వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో బెర్ట్ గ్రాంట్ అనే ఆయన తెరిచాడు. నీ పక్క సీటువాడికి తెలిసింది కూడా అంతంత మాత్రమే, పైకి చెప్పడు, అంతే. నువ్వు భయపడాల్సింది చివర్లో వచ్చే కాగితానికి.

నేను వచ్చిన కొత్తల్లో ఇవి చెప్పే దిక్కు లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు మెనూలో పేర్లేవీ కొరుకుడు పడక, చిన్న గ్లాసులో వచ్చేదయితే చవగ్గా తేలిపోతుందని ఇంపీరియల్ స్టౌట్ అనే ఘాటైన నల్ల బీరు చెప్పాను. దాని ధర పక్కనున్న పైంట్ (పెద్ద గ్లాసు) ధరకి ఇంచుమించు సమానంగా ఉంటే అచ్చుతప్పేమో అనుకున్నాను, చూడు నా తెలివి! చిన్న గ్లాసే కదా అని రెండోది కూడా తెప్పించుకున్నాను. లేచి నిలబడ్డాక గానీ సంగతి తెలియలేదు. మెనూలో పేరు పక్కన ఏబీవీ అని ఒక అంకె ఉంటుంది, ఆల్కహాల్ శాతం. పది శాతం స్టౌట్ పది ఔన్సులు (ఔన్సంటే దాదాపు 30 మిల్లీలీటర్లు) తాగితే ఒంట్లోకి వెళ్లే ఆల్కహాల్ ఒక ఔన్సు. ఐదు శాతం బీరు పదహారు ఔన్సుల నిండు పైంట్ తాగినా వెళ్లేది 0.8 ఔన్సే. గ్లాసు సైజు చూసి లెక్క వేసేవాడికి జేబూ చిల్లే, తలా తిరుగుడే.

అక్కడితో అయిందా? మంటెక్కించే చికెన్ వింగ్స్ తెప్పించి, వాటికి తోడు డబుల్ ఐపీఏ అనే చేదు బీరు చెప్పాను. చేదు ఎక్కువున్న బీరు, అందులోనూ ఆల్కహాల్ ఎక్కువున్నది, కారాన్ని ఇంకా రాజేస్తుంది. నోరు మండి, మంట చల్లారుతుందని ఇంకో గ్లాసు, దాంతో ఇంకా మంట. ఇలా డబ్బిచ్చి మరీ ఏడ్చిన సాయంత్రం అది. అసలు దెబ్బ బిల్లు దగ్గర తగిలింది. ఆరుగురు, ఎనిమిదిమంది దాటిన బల్లకి చాలాచోట్ల టిప్ వాళ్లే కలిపేస్తారు, గ్రాట్యుటీ అని చిన్న అక్షరాల్లో. అది చూసుకోకుండా, కింద ఖాళీ గీత కనబడగానే పెద్దమనిషిలాగా మళ్లీ ఇరవై శాతం రాసి సంతకం పెట్టాను. పైగా ఆ రోజు కార్డు నాదే. వాటాలు వసూలు చేసుకునేటప్పుడు రెండో టిప్ ఎవరినీ అడగలేకపోయాను.

కాబట్టి నువ్వు కూర్చోగానే, ఏమీ ఆర్డర్ చేయకముందే సెపరేట్ చెక్స్, అంటే ఎవరి బిల్లు వాళ్లకి విడిగా, కావాలని చెప్పు. ఇక్కడ అది తప్పుగా అనుకోరు. మన పిల్లలకే ఆ మొహమాటం. కార్డు ఇచ్చి ట్యాబ్ (చివర్లో ఒకేసారి కట్టే ఖాతా) తెరిస్తే లేచేముందు గుర్తుపెట్టుకుని మూయించు. మరిచిపోయి వెళ్లిపోతే చాలాచోట్ల వాళ్లే టిప్ వేసుకుని కార్డు మీద పడేస్తారు. మెనూ ధరలో సేల్స్ ట్యాక్స్ ఉండదు, టిప్ అసలే ఉండదు, అంకె చూడగానే మనసులో పావువంతు పైన కలుపుకో. అలాగని టిప్ ఎగ్గొట్టి మాత్రం పరువు తీయకు. ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పుల మీద బతికేవాళ్లకి, టిప్పులతో కలిపి కనీస వేతనం అందుతుంటే, యజమాని గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలు, చాలా రాష్ట్రాల్లో ఇప్పటికీ దాదాపు అంతే.

ఇక ఏం తాగాలంటావా. ముందు ఒక గుటక రుచి చూపించమని అడుగు, చాలాచోట్ల ఊరికే ఇస్తారు. తర్వాత ఫ్లైట్ చెప్పు: నాలుగైదు ఔన్సుల బుల్లి గ్లాసులు నాలుగు, పలకమీద పెట్టి తెస్తారు. అంతా కలిపితే పైంటుకి అటూ ఇటూ. లేతవి ముందు, ముదురువీ చేదువీ చివర. తిరగేస్తే మొదటి గ్లాసుకే నాలుక మొద్దుబారి మిగతా డబ్బంతా దండగ. కారం తింటానంటే హెఫెవైట్సెన్ అనే గోధుమ బీరు పెట్టుకో, చేదుండదు, ఈస్ట్ వల్లే అరటిపండు, లవంగం వాసన వస్తుంది. వేయించిన చేపకి పిల్స్‌నర్ అనే లేత బీరు, దాని గ్యాసే నూనె జిడ్డుని కడిగేస్తుంది. ఐపీఏ మీద మనసుంటే ఘాటైన చెడ్డర్ చీజ్‌తో తిను, నేను పడ్డ వింగ్స్ పాట్లు నీకొద్దు. స్టౌట్‌ని చాక్లెట్ కేకు దాకా ఆపి, ఆ ఒక్క గ్లాసూ ఇద్దరు పంచుకోండి. శాకాహారివయితే కాస్క్ ఏల్ (పీపాలోంచే నేరుగా పోసే బీరు) తాగేముందు అడుగు, కొన్నింటిని తేర్చడానికి చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వాడతారు.

హ్యాపీ అవర్‌లో, అంటే మందు తగ్గింపు ధరకిచ్చే వేళలో, వెళ్తే కొంత మిగులుతుంది. మసాచుసెట్స్‌లో ఉంటే ఆ ఆశ వదులుకో, అక్కడ 1984 నుంచి మందు మీద ఆ తగ్గింపులు నిషేధం.

వయసు 21 నిండాలి, మన లైసెన్సు చెల్లకపోవచ్చు కనుక పాస్‌పోర్ట్ పెట్టుకో. తాగి బండి నడిపి పట్టుబడితే వీసాకే ఎసరు, క్యాబ్ డబ్బుల దగ్గర మాత్రం నా అంత పీనాసిగా ఉండకు. మిగతా రూల్స్ మీ రాష్ట్రం సైట్‌లో ఉంటాయి, చూసుకో.

బీరు బాగా నచ్చితే అక్కడే మూడో గ్లాసు చెప్పకు. గ్రౌలర్ అని 64 ఔన్సుల సీసాలో నింపిస్తారు, ఔన్సు లెక్కన సాధారణంగా పైంట్ కన్నా చవక, పైగా బల్ల దగ్గర పడేంత టిప్ పడదు. సీసాకి మాత్రం మొదటిసారి విడిగా తీసుకుంటారు. మూత తీశాక ఒకటి రెండు రోజుల్లో తాగేయాలి, లేదంటే గ్యాస్ పోయి చప్పబడిపోతుంది. కడిగి దాచుకుని మళ్లీ అక్కడికే తీసుకెళ్లు, వేరే బ్రూవరీ సీసా అయితే కొన్నిచోట్ల నింపరు.