మధ్యయుగానికి గట్టు ఎక్కడ వెయ్యాలి?

అమ్మలూ,

ఎంఏ ప్రాజెక్టుకి ఉత్తరాంధ్ర మధ్యయుగం తీసుకున్నావనీ, ఏ సంవత్సరంలో మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో తేలక టెన్షన్ పడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ముందు ఆ తేదీల వేట ఆపు. ఏ మార్పుని పట్టుకుంటావో తేల్చుకో, తేదీ దాని వెనకే వస్తుంది.

యూరప్ వాళ్ళనే చూడు. 476లో ఒడోయాకర్ పశ్చిమ రోమన్ చక్రవర్తిని గద్దె దించాడు కాబట్టి అక్కడ మొదలు అంటారు. హెన్రీ పిరెన్ అనే బెల్జియం చరిత్రకారుడు మాత్రం, చక్రవర్తి పోయినా మధ్యధరా మీద వర్తకం సాగుతూనే ఉంది, అది తెగింది ఏడో శతాబ్దంలో అరబ్బులు విస్తరించాకే అన్నాడు. తర్వాతి వాళ్ళు ఆ వాదానికి బాగానే తూట్లు పొడిచారనుకో, కానీ ఆయన అడిగిన ప్రశ్న వేరు, అందుకే తేదీ జరిగింది. ముగింపూ అంతే, కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల చేతికి పోయిన 1453 అనేవాళ్ళున్నారు, కొలంబస్ అమెరికా చేరిన 1492 అనేవాళ్ళున్నారు, జాక్ లె గోఫ్ అనే ఫ్రెంచి చరిత్రకారుడైతే ఏకంగా పద్దెనిమిదో శతాబ్దం దాకా లాగాడు.

మన దేశానికొస్తే, ఢిల్లీ సుల్తానుల పాలన మొదలైన 1206 అని కళ్ళు మూసుకుని రాసెయ్యకు. పాలకుడి మతాన్ని బట్టి చరిత్రని ముక్కలు చెయ్యడం 1817లో జేమ్స్ మిల్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు పెట్టిన అలవాటు. లాహోరులో ఐబక్ గద్దెక్కిన ఆ ఏడు ఇక్కడ కళింగాన్ని గాంగ వంశం రాజులే ఏలుతున్నారు, 1434 దాకా వాళ్ళే. (గ్రూప్స్ రాసినప్పుడు మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయి, అక్కడ తిరుగుబాటు వద్దు.)

ఓసారి ముఖలింగం వెళ్ళు. మధుకేశ్వరుడి గుళ్ళో రాతి మీద శాసనాలు తీరిగ్గా చూడు, అఖండదీపానికి ఫలానావాళ్ళు ఇంత ఇచ్చారని ఉంటాయి, ఇచ్చినవాళ్ళందరూ రాజులేం కాదు. తొలి గాంగుల రాగిరేకులు వేరే రకం, సంస్కృతంలో, బ్రాహ్మలకి ఊళ్ళూ భూములూ ఇచ్చినవి. భూదానాలే గుర్తు అనుకుంటే నీ మొదలు గాంగ శకం లెక్క మొదలైన 498 ప్రాంతం. గుడి, తెలుగు శాసనం గుర్తు అనుకుంటే పదకొండో శతాబ్దం, అనంతవర్మ చోడగంగు పట్టాభిషేకం 1078. నేనైతే రెండోదే తీసుకుంటాను, ఎందుకంటే నీకు చదవడానికి శాసనాలు దొరుకుతాయి, ఒక్క శ్రీకూర్మంలోనే బోలెడు.

చివర దగ్గర అందరూ బొబ్బిలి యుద్ధం మీద పడతారు, కథ రక్తి కడుతుంది కాబట్టి. 1757లో కోట పోయింది నిజమే, కానీ రైతు శిస్తు కట్టే పద్ధతి మర్నాటికి మారిపోలేదు. 1765లో ఉత్తర సర్కార్లు, అంటే మన కోస్తా జిల్లాలు, మొగలు చక్రవర్తి ఫర్మానా మీద కంపెనీకి వచ్చాయి, 1794లో విజయనగరం రాజుకీ కంపెనీకీ పద్మనాభం యుద్ధం, ఆ తర్వాత 1802 నుంచి జమీందార్లు కట్టాల్సిన మొత్తాన్ని మార్పు లేకుండా ఖాయం చేసిన శాశ్వత శిస్తు. పేష్కష్, అంటే జమీందారు సర్కారుకి కట్టే సొమ్ము, బాకీ పడితే జమీందారీని వేలం వెయ్యొచ్చు అన్నది అప్పుడు గట్టిపడింది. నా ఓటు దానికే. మీ గైడ్ 1757 ఎందుకు కాదని అడిగితే, నేను కోటల్ని కాదు, భూమి మీద హక్కుని చూస్తున్నానని చెప్పు, ఆ మాట మొదటి పేజీలోనే రాసిపెట్టుకో.

మీ మావయ్య,
శ్రీకాకుళం