ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లకి బుగ్గ మొద్దుబారితే మామూలు సైనస్ అనుకోవచ్చా?

మీ ఆయనకి స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక ఒకవైపు బుగ్గ నొప్పి పుట్టి మొద్దుబారిందనీ, నెల్లూరులో చూపిస్తే సైనస్ అని యాంటీబయాటిక్ ఇచ్చారనీ, వచ్చే వారం చెన్నై చెకప్ దాకా ఆగొచ్చా అనీ అడిగారు. ఆగొద్దండీ. ఇప్పుడే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్లకి ఫోన్ చేసి, "ముఖం ఒకవైపు స్పర్శ తెలియడం లేదు" అని ఇదే మాట చెప్పండి. రమ్మంటే రాత్రయినా సరే బయల్దేరండి.

మాది కోవూరు దగ్గర పల్లె. బ్లడ్ క్యాన్సర్‌కి మా తమ్ముడికి ట్రాన్స్‌ప్లాంట్ చేశారు, చెల్లెలు డోనర్. తర్వాత జీవీహెచ్‌డీ (డోనర్ కణాలు రోగి ఒంటి మీదే దాడి చేయడం) వచ్చి స్టెరాయిడ్స్ ఎక్కువ మోతాదులో వాడుతున్నప్పుడు ఇది మొదలైంది. ముక్కు కారలేదు, చీము లేదు, వాపూ పెద్దగా లేదు. చీము పట్టాలన్నా, వాపు రావాలన్నా ఒంట్లో తెల్లకణాలు గట్టిగా పోరాడాలి కదా, వాడికి ఆ శక్తే లేదు. సీటీ స్కాన్‌లో కూడా సైనస్ పొర కాస్త మందంగా ఉందన్నారంతే. ఈఎన్‌టీ డాక్టర్ దూదితో రెండు బుగ్గలూ తాకి చూస్తే కుడివైపు తెలియలేదు. వెంటనే ముక్కులోకి ఎండోస్కోప్ పెట్టారు. గులాబీ రంగులో ఉండాల్సిన పొర ఒకచోట తెల్లగా పాలిపోయి ఉంది, దాని అంచున చిన్న నల్లటి పెచ్చు. అక్కడి ముక్క తీసి ల్యాబ్‌కి పంపితే మ్యూకర్ అని తేలింది.

2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ అని భయపడ్డామే, అదే. రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తుంది, రక్తం అందక కండ చచ్చి నల్లబడుతుంది. పక్కనే కన్ను, ఆపైన మెదడు. అందుకే నలుపు బయటికి కనిపించేదాకా చూడకూడదు.

మీ ఆయన ఫంగస్ రాకుండా వోరికొనజోల్ వేసుకుంటున్నా ధీమాగా ఉండొద్దు. అది ఆస్పర్జిల్లస్ అనే ఇంకో ఫంగస్‌కి మంచి మందే గానీ మ్యూకర్ మీద పనిచేయదు. ఏ ఫంగసో తెలియాలంటే ఎండోస్కోపీ, ముక్క పరీక్ష కావాలి, ఆ రెండూ గట్టిగా అడగండి.

తమ్ముడికి ముక్కులోంచే ఆపరేషన్ చేసి చచ్చిన కండ తీసేశారు, మళ్లీ మళ్లీ చూసి మిగిలింది కూడా తీశారు. ఫంగస్‌ని చంపే లైపోసోమల్ యాంఫోటెరిసిన్ మందు డ్రిప్ పెట్టినన్నాళ్లూ పొటాషియం పడిపోయేది. పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతున్నాయో రోజూ అడిగి రాసుకోండి. తర్వాత ఫంగస్‌కే పోసకొనజోల్ అనే మాత్రలు చాలాకాలం వాడాడు. కన్ను దక్కింది.

ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు, దగ్గరుండి చూసుకోండి. కోతల దుమ్ముకీ, గడ్డివాముకీ మాత్రం ఆయన్ని దూరంగా ఉంచండి.

ఈలోగా టార్చి వేసి అంగిలి చూడండి. నల్ల మచ్చ ఉన్నా, కన్ను వాచినా, ఒక వస్తువు రెండుగా కనిపిస్తున్నా ఫోన్ కోసం కూడా ఆగకుండా, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ పట్టుకుని ఈఎన్‌టీ ఉన్న పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.