అణు విద్యుత్ కేంద్రం సేఫ్టీలో సివిల్ ఇన్‌స్పెక్టర్‌కి ఏం పని ఉంటుంది?

రేడియేషన్ చూసేవాళ్లు వేరే ఉంటారు కదా, సివిల్ వాళ్లకేం పని అంటారు గానీ చాలానే ఉంది. మన దేశంలో అణు భద్రత చూసే బాధ్యత 1983లో పెట్టిన ఏఈఆర్‌బీది (అణుశక్తి నియంత్రణ మండలి), అది ముంబైలో ఉంటుంది. స్థలం భూకంపానికి, వరదకి తట్టుకుంటుందా అన్న దగ్గర్నుంచి డిజైన్ లెక్కలు, సైట్‌లో క్యూబ్ టెస్ట్ (కాంక్రీట్ దిమ్మెని నొక్కి బలం చూసే పరీక్ష) రికార్డుల దాకా చూడాలి.

1994 మేలో కర్ణాటకలోని కైగాలో ఇంకా కడుతుండగానే రియాక్టర్ భవనం లోపలి డోమ్ (గోపురం లాంటి పైకప్పు) కాంక్రీట్ అడుగువైపు పొరలా విడిపోయి ఊడిపడింది. వంపు తిరిగిన ప్రీస్ట్రెస్సింగ్ కేబుల్స్‌ని (కాంక్రీట్‌ని బిగించి పట్టే ఉక్కు తీగల్ని) లాగితే కాంక్రీట్‌ని మందం దిశలో చీల్చే బలం పుడుతుంది, దాన్ని ఆపే కడ్డీలు అక్కడ సరిపడా లేవు, తర్వాత డిజైన్ మార్చి ఎం60 అనే ఎక్కువ బలమున్న కాంక్రీట్‌తో మళ్లీ కట్టారు. ఇంధనం పెట్టకముందే జరిగింది కాబట్టి రేడియేషన్ బయటికి రాలేదు.

నా లెక్కలో అసలు తనిఖీ అంటే కడ్డీలు కట్టాక, కాంక్రీట్ పోసేముందు చేసేదే, పోశాక లోపల ఏముందో ఎవరికీ కనపడదు.